సమస్య: “వెండి నల్లబడియె వెలుగు హెచ్చె”

నిర్వాహకుడు: ఆటవెలది పాదం. సందర్భం వరపూజకు వెండి ఉంగరం చేయించడం. పూరణలో పనితనం కనిపించాలె, ఉత్త పొగడ్త వద్దు.

నల్లగొండ సభ్యుడు:
గుడ్డు సొనలు తగిలి, కుదురుగా రేకుపై
సోడ వేడినీట సోకినంత,
రెంటఁ గలిగె నిట్లు రెండును వరుసగా:
వెండి నల్లబడియె, వెలుగు హెచ్చె

పాలమూరు సభ్యుడు: క్రమాలంకారం (చెప్పిన వరుసలనే ఫలితాలు చెప్పుడు) కుదిరిందన్నా. గుడ్డులోని గంధకం తగిలితే వెండి సల్ఫైడై నల్లబడుడు ఖాయం. ‘సోడ’ అంటే వంటసోడా అని వివరం రాయి. గ్లాసు మసిలే నీళ్లకు ఒక చెంచా, రెండు నిమిషాలు. ఉంగరం అల్యూమినియం రేకుకు ఆనాలె, ఆనకుంటే పని కాదు. ముత్యం, పగడం, జిగురుతో అంటించిన రాయి ఉంటే ముంచొద్దు.

దేవరకొండ సభ్యురాలు:
పేర్లు చెక్కినట్టి పిల్ల యుంగరమందు
గాడిలోన గంధకంబు నింప,
పైన గుడ్డతోడ బాగుగా రుద్దగా
వెండి నల్లబడియె, వెలుగు హెచ్చె

పాలమూరు సభ్యుడు: ఈ పూరణే నాకు నచ్చింది అక్కా, విరోధం ఒకే ఉంగరంల తీరింది. కానీ ‘గంధకంబు నింప’ అంటే పొడి కూరినట్టుంది.

దేవరకొండ సభ్యురాలు: పొడి కాదు తమ్మీ, గంధకం, పొటాష్ కలిపి కాచిన మందు. గోరువెచ్చని నీళ్లల్ల శనగగింజంత చాలు. చిక్కగ కలిపినా, నీళ్లు మసిలినా నలుపు మందంగ పట్టి పొరలై రాలుతది. రంగు రాంగనె తీసి వంటసోడా నీళ్లల్ల ముంచితే ఆగుతది. టంకం, చెక్కుడు అయినంక నలుపు, తర్వాత మెరుగు, రాయి అన్నిటికన్న చివర. ఒక్క సంగతి: పై అన్న చెప్పిన రేకు స్నానం ఈ నలుపును కూడ కడిగేస్తది. ఇసుంటి ఉంగరానికి మెత్తని గుడ్డే.

సూర్యాపేట సభ్యుడు:
పైన రోడియమ్ము పదినెలలకరుగ
లోని గుట్టు కాస్త లోకమెఱిగె;
మళ్ళ పూత వేసి తెచ్చి చూపినయంత
వెండి నల్లబడియె, వెలుగు హెచ్చె

పాలమూరు సభ్యుడు: రోడియం అంటే వెండి మీద పూసే తెల్లని మెరుపు లోహం అని వివరం రాయి. మూడో పాదంల యతిభంగం (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం కుదరకపోవుడు), ‘మ’కు ‘తె’ చెల్లదు. అన్వయం కూడ తిరగబడ్డది, పూత వేసినంక వెండి నల్లబడ్డట్టు అర్థమొస్తుంది. “మరల పూత వేయ మార్పిట్లు వరుసగా” అంటే రెండూ సర్దుకుంటయ్. ‘పదినెలలు’ మీ లెక్క. పూత మందాన్ని, చేతి రాపిడిని బట్టి ఉంటది. ముందు అరిగేది అరచేతి దిక్కు. సైజు మార్చితే మంట తగులుతది గనుక పూత మళ్లా వేయించాల్సిందే.

సూర్యాపేట సభ్యుడు: సవరణ తీసుకున్న. మరి 999 వెండితో (వెయ్యికి 999 పాళ్లు వెండే) చేయిస్తే ఈ నలుపు బాధ తక్కువ కదా?

దేవరకొండ సభ్యురాలు: తక్కువే, కానీ మెత్తన. రోజూ పెట్టుకుంటే గుండ్రం పోతది, రాయిని పట్టే సన్నని కాళ్లు విచ్చుకుంటయ్. 925ల వెయ్యికి 75 పాళ్లు ఎక్కువగ రాగే, గట్టితనం దానిదే. 925 అయినా కాళ్ల కన్నా రాయి చుట్టూ గోడ కట్టించుడు మేలు. ఆ గోడ మీద ఇప్పటిదాక ఎవ్వరూ పద్యం కట్టలే.