డిస్టార్షన్‌లో హమ్, గేటు పెంచితే స్వరం తెగుతోంది: ప్రీఆంప్ గెయిన్, గేటు ఎంతలో పెట్టాలి?

ఆరో_తీగ, తిరుపతి:
అన్నా, మూడు సింగిల్ కాయిల్ పికప్‌ల (తీగల కదలికను పట్టే ఒంటి చుట్టల) గిటార్. దాన్నుంచి మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్, అక్కడి నుంచి 20 వాట్ల కాంబో ఆంప్ ముందు జాక్‌లోకి. క్లీన్ ప్యాచ్‌లో (సేవ్ చేసుకున్న సెట్టింగుల్లో) ఇబ్బంది లేదు. డిస్టార్షన్ ప్యాచ్ నొక్కగానే గుయ్‌మని హమ్, దాని మీద బుస్సుమని హిస్. నాయిస్ గేటు (శబ్దం ఒక హద్దు కన్నా తగ్గితే మూసేసేది) త్రెషోల్డ్, అంటే ఆ హద్దు, 70కి తీసుకుపోతే నిశ్శబ్దమే గానీ, స్వరం లాగి పట్టుకుంటే చివర్లో పుటుక్కున తెగుతోంది. గమకం ఇస్తుంటే గేటు గడగడా తెరుచుకుని మూసుకుంటోంది.
ఇప్పుడున్నవి: కంప్రెసర్ (చిన్న, పెద్ద శబ్దాలను సమం చేసేది) సస్టెయిన్ 60, ఓవర్‌డ్రైవ్ డ్రైవ్ 55, హై గెయిన్ ప్రీఆంప్‌లో (సిగ్నల్‌ను బాగా పెంచే భాగంలో) గెయిన్ 85, మిడ్ 35, ట్రెబుల్ 70, ప్రెజెన్స్ 60, లెవెల్ 50. గేటు రిలీజ్ (మూసుకోవడానికి పట్టే సమయం) 10. అన్నీ 100 స్కేలు. వచ్చే వారం తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణ మండపంలో రిసెప్షన్‌కి వాయించాలి. గేటులో ఏ నంబర్ పెట్టాలో చెప్పండి.

రేణిగుంట_రిఫ్:
తమ్ముడూ, ముందు గేటు ఆఫ్ చెయ్యి. గొడవంతా గెయిన్‌ది.
డిస్టార్షన్ అంటే సిగ్నల్ తలను కోసెయ్యడం. మీటిన స్వరం అప్పటికే పైకప్పుకు తగిలి ఉంటుంది, గెయిన్ ఇంకో 20 డెసిబెల్స్ పెంచినా అది పెద్దగా పెరగదు. నాయిస్ ఎక్కడో నేల మీద ఉంటుంది కాబట్టి దానికి అడ్డేమీ లేదు, ఆ 20 డెసిబెల్సూ పెరుగుతుంది. అంటే వోల్టేజీలో 10 రెట్లు. స్వరానికీ నాయిస్‌కీ మధ్య ఎడం చిక్కిపోతే ఏది ఆపాలో ఏది వదలాలో గేటుకు తెలియదు. నీకు జరిగేది అదే. పైగా కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, హై గెయిన్ ప్రీఆంప్ మూడూ వరసగా నాయిస్‌ను ఎత్తి పోస్తున్నాయి.
కంప్రెసర్ తీసెయ్. ఓవర్‌డ్రైవ్ ఉంచాలనుకుంటే డ్రైవ్ 10, లెవెల్ 60, కేవలం తోపు కోసం. ప్రీఆంప్ గెయిన్ 45, లెవెల్ 65. మిడ్ 60కి పెంచు, ట్రెబుల్ 50, ప్రెజెన్స్ 35. ఇంట్లో ఒక్కడివే వింటే సన్నబడినట్టు ఉంటుంది, కంగారుపడి గెయిన్ మళ్లీ పెంచొద్దు. డ్రమ్స్, కీబోర్డు మధ్య వినపడేది మిడ్ ఉన్న గిటారే.
ఇంకొకటి, చాలామంది చూడనిది: ప్రాసెసర్‌లో అవుట్‌పుట్ సెలెక్ట్ ఎక్కడుంది? లైన్ లేదా హెడ్‌ఫోన్స్ మీద ఉంటే స్పీకర్ సిమ్యులేషన్ (స్పీకర్ శబ్దాన్ని అనుకరించేది) ఆన్‌లో ఉంటుంది. దాన్ని కాంబోలోకి పంపితే స్పీకర్ రంగు రెండుసార్లు పడి శబ్దం దుప్పటి కప్పినట్టు ఉంటుంది. అది తెలియక ట్రెబుల్, ప్రెజెన్స్ పెంచుతారు, హిస్ లేచేది అక్కడే. కాంబో ఆంప్ అని ఎంచుకుని, ఆంప్‌ను క్లీన్ చానల్‌లో పెట్టు.

సౌండ్‌చెక్_చిత్తూరు:
హమ్ ఎక్కడి నుంచి వస్తోందో కూడా తేల్చుకోండి, 5 నిమిషాల పని. డిస్టార్షన్ ఆన్‌లో, గేటు ఆఫ్‌లో ఉంచి గిటార్ వాల్యూం సున్నా చెయ్యండి. శబ్దం పోతే అది గిటార్‌ది. పోకపోతే కేబుల్, అడాప్టర్ లేదా ప్రాసెసర్ తర్వాతది. గిటార్‌దైతే కుర్చీలో కూర్చుని మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున తగ్గి ఇంకో దిక్కున పెరిగితే కరెంటు 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని సింగిల్ కాయిల్ పట్టుకుంటున్నట్టు. ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒకటిన్నర మీటర్ దూరం జరగండి. మధ్య పికప్ వ్యతిరేక దిశలో చుట్టిందైతే స్విచ్ 2, 4 స్థానాల్లో హమ్ చాలావరకు రద్దవుతుంది.
తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గడం మామూలే. ముట్టుకున్నప్పుడు పెరిగితే మాత్రం బ్రిడ్జి ఎర్త్ తీగో, జాక్ సోల్డరో ఊడి ఉండొచ్చు.
అడాప్టర్ మీద వోల్టేజీ, పోలారిటీ గుర్తు, మిల్లీయాంపులు ప్రాసెసర్ వెనక రాసినవాటితో సరిపోవాలి. చాలా పెడళ్లకు 9 వోల్టులు, మధ్య పిన్ నెగటివ్. ఫోన్ చార్జర్‌తోనో ల్యాప్‌టాప్ యూఎస్‌బీతోనో సన్నని ఈల వస్తుంటుంది, అవి తీసి వినండి.

ఆరో_తీగ:
చూశాను అన్నా. అవుట్‌పుట్ హెడ్‌ఫోన్స్ మీదే ఉంది, మార్చాను. ఈల ఫోన్ చార్జర్‌ది. వాల్యూం సున్నా చేస్తే హమ్ దాదాపు పోతోంది. గెయిన్ 45లో హిస్ కొంచెమే మిగిలింది. ఇప్పుడు గేటు?

రేణిగుంట_రిఫ్:
గేటును ప్రీఆంప్‌కు ముందు పెట్టు. అక్కడ సిగ్నల్ ఇంకా కోతపడలేదు, ఎడం ఎక్కువ. డిటెక్ట్ అనే ఆప్షన్ ఉంటే గిటార్ ఇన్‌పుట్ మీద పెట్టు, అప్పుడు గేటు తర్వాత ఉన్నా వినేది శుభ్రమైన సిగ్నల్‌నే. డిలే, రివెర్బ్ ఎప్పుడూ గేటు తర్వాతే, లేకపోతే వాటి తోక తెగుతుంది.
త్రెషోల్డ్ 0, రిలీజ్ 40. గిటార్ వాల్యూం పూర్తిగా తెరిచి, తీగల మీద అరచెయ్యి ఆనించు. త్రెషోల్డ్ ఒక్కో అంకె పెంచు, నాయిస్ ఆగిన చోట ఇంకో 2 కలిపి ఆపెయ్. మూడో తీగ 12వ ఫ్రెట్‌లో మీటి చివరిదాకా విను. స్వరం దానంతటది సన్నగిల్లి పోవాలి. ముందే తెగితే త్రెషోల్డ్ 2 తగ్గించు. గడగడ వస్తే అది రిలీజ్ చిన్నదవడం వల్ల: వైబ్రేటోలో స్వరం త్రెషోల్డ్ గీతకు పైకీ కిందికీ ఊగుతుంటే గేటు వెంటనే మూస్తోంది. రిలీజ్ లీడ్‌కి 50-60, పామ్ మ్యూట్ (అరచెయ్యి ఆనించి వాయించే) రిఫ్‌లకు 20-25. వాయిస్తున్నప్పుడు స్వరం కింద ఉండే నాయిస్‌ను ఏ గేటూ తియ్యదు, దాన్ని పూర్తిగా చంపాలని చూడొద్దు.

సౌండ్‌చెక్_చిత్తూరు:
మండపంలో సీరియల్ లైట్లు, డిమ్మర్లు, జెనరేటర్ ఉంటాయి కాబట్టి అక్కడ నాయిస్ వేరుగా ఉంటుంది. సౌండ్‌చెక్‌ను లైట్లు వేసి ఉండగానే చెయ్యండి, త్రెషోల్డ్ 3-4 పెరగొచ్చు. ప్రాసెసర్, ఆంప్ ఒకే స్ట్రిప్‌లో గుచ్చండి. మిక్సర్‌కు లైన్ ఇచ్చాక కొత్తగా హమ్ మొదలైతే అది గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం), డీఐ బాక్స్ (గిటార్ లైన్‌ను మిక్సర్‌కు కలిపే డబ్బా) మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కితే పోతుంది. ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ మాత్రం ఎవరు చెప్పినా తియ్యొద్దు. చెయ్యి తీగల మీద, పెదవి మైక్ మీద ఉన్నప్పుడు ఆ ఎర్తే కాపాడేది.

ఆరో_తీగ:
త్రెషోల్డ్ 28, రిలీజ్ 55 దగ్గర కుదిరింది. ఒక్కటే మిగిలింది: గిటార్ వాల్యూం 4కి దించి మెల్లగా మొదలుపెడితే మొదటి స్వరాన్ని మింగేస్తోంది.

రేణిగుంట_రిఫ్:
వాల్యూం దించితే గేటుకు అందే సిగ్నలూ తగ్గుతుంది కదా, 28 దానికి ఎక్కువ. మెల్లగా వాయించే భాగానికి వేరే ప్యాచ్ చేసుకో: గెయిన్ 25, త్రెషోల్డ్ 12, వాల్యూం పూర్తిగా తెరిచే ఉంచు. పెడల్‌తోనే దించాలంటే వాల్యూం పెడల్‌ను చెయిన్‌లో గేటు తర్వాత పెట్టు.