అలర్ట్ సాఫ్ట్‌వేర్ అంటే సిస్టర్లకు ఎందుకు పడట్లేదు?

వార్డ్ ఇన్‌ఛార్జ్ (ప్రశ్న):
పేషెంట్ పరిస్థితి దిగజారకముందే హెచ్చరించే ఏఐ సాఫ్ట్‌వేర్ మా 30 పడకల మెడికల్ వార్డుకి వచ్చింది. వైటల్స్ (బీపీ, పల్స్, శ్వాస రేటు లాంటివి) ట్యాబ్‌లో ఎక్కిస్తే ప్రమాదం ఎంతో స్కోరు చూపిస్తుంది. "ఇది మన మీద నిఘాకే" అంటూ స్టాఫ్ అలర్ట్ చదవకుండానే నొక్కేస్తున్నారు. మళ్ళీ ట్రైనింగ్ పెట్టమంటారా?

ఐసీయూ సిస్టర్:
ట్రైనింగ్ తర్వాత మేడమ్. ముందు కేస్ షీట్‌లోనూ ట్యాబ్‌లోనూ రెండుసార్లు రాయిస్తున్నారేమో చూడండి. అలాగైతే 10 గంటల వైటల్స్ 12కి ఎక్కుతాయి. రెండు గంటల పాత రీడింగ్‌కి అలర్ట్ వస్తుంది, వెళ్ళి చూస్తే పేషెంట్ బాగానే ఉంటాడు. నాలుగుసార్లు ఇలా అయితే ఇంకెవరు నమ్ముతారు?

శ్వాస రేటు కూడా చూడండి. ప్రతి పూటా 20 అనే ఉంటే లెక్కపెట్టలేదన్నమాటే. వైటల్స్‌కి పాయింట్లు వేసి పేషెంట్ పరిస్థితి అంచనా కట్టే న్యూస్2 (NEWS2) పద్ధతిలో 20కి సున్నా, 21–24కి 2, 25 నుంచి 3 పాయింట్లు. నిండు నిమిషం లెక్కపెట్టాల్సిందే, దీనికి అడ్డదారి లేదు. చేతులు చల్లబడినా, గోళ్ళకి రంగున్నా ఆక్సిజన్ రీడింగ్ తప్పొస్తుంది. వేలు మార్చి, తెర మీద పల్స్ వేవ్ నిలకడగా వచ్చాకే రాయాలి.

క్వాలిటీ నర్స్:
స్టాఫ్ అనుమానాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సెప్సిస్‌ని (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చే స్థితి) ముందే పసిగట్టడానికి ఎపిక్ కంపెనీ చేసిన ఇలాంటి సాఫ్ట్‌వేర్, ఎపిక్ సెప్సిస్ మోడల్ మీద అమెరికాలోని మిషిగన్‌లో జరిగిన పరిశీలన 2021లో వచ్చింది. అడ్మిషన్లలో 18 శాతానికి అలర్ట్ ఇచ్చి కూడా, సెప్సిస్ వచ్చినవాళ్ళలో 67 శాతాన్ని అది పట్టుకోలేకపోయింది.

అందుకే మొదటి నెల అలర్టులు ఇన్‌ఛార్జ్‌కి మాత్రమే వచ్చేలా పెట్టించండి. ఎన్ని వచ్చాయి, ఎన్నింటికి ట్రీట్‌మెంట్ మారింది, అలర్ట్ రాకుండానే ఐసీయూకి ఎందరు వెళ్ళారు, ఈ మూడూ రాయండి. చివరి లెక్క ఎవరూ తీయరు, నాకైతే అదే ముఖ్యం. గోల తగ్గించాలని అలర్ట్ ఇచ్చే స్కోరు కటాఫ్ పెంచితే పెరిగేది అదే.

నర్సింగ్ ట్యూటర్:
అలర్ట్ మూసేటప్పుడు కారణం ఎంచుకునేలా పెట్టించండి: పాత రీడింగ్, సెన్సార్ ఊడింది, డాక్టర్ చూశారు. వీటి ఆధారంగా మెమో ఇవ్వబోమని సూపరింటెండెంట్‌తో రాయించి తీసుకోండి. లేకపోతే అందరూ "డాక్టర్ చూశారు" అనే నొక్కుతారు, మీకు ఏమీ తెలియదు. స్కోరు మామూలుగా ఉన్నా పేషెంట్ తేడాగా అనిపిస్తే డ్యూటీ డాక్టర్‌ని పిలవొచ్చని కూడా ప్రోటోకాల్‌లో ఉండాలి. ఆ మాట రాతలో లేని చోట స్టాఫ్ భయపడటం న్యాయమే.

వార్డ్ ఇన్‌ఛార్జ్:
రెండుసార్లు రాయడం నిజమే సిస్టర్. కాగితం లేకుండా రికార్డ్స్ వాళ్ళు ఒప్పుకోరు.

ఐసీయూ సిస్టర్:
అయితే బెడ్ దగ్గరే ట్యాబ్‌లో ఎక్కించి, షిఫ్ట్ చివర ప్రింట్ తీసి, సంతకం పెట్టి కేస్ షీట్‌లో పెట్టండి. ప్రింట్ మీద ఎక్కించిన టైమ్ పడేలా ఐటీ వాళ్ళకి చెప్పడం మర్చిపోవద్దు.