పెర్సెఫోనీ కథ మీద నవల రాస్తున్నాను, ప్రేమకథ ఒక దిక్కు, కోట రాజకీయం ఒక దిక్కు పోతున్నాయి, సలహా చెప్పండి

హన్మకొండ_రాతలు:

అందరికీ నమస్కారం. నాది హన్మకొండ. గ్రీకు పురాణంలోని పెర్సెఫోనీ, హేడీస్ కథను ఆధారం చేసుకుని ఒక రొమాంటిక్ ఫాంటసీ నవల రాస్తున్నాను. కథ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. పంటల దేవత డిమీటర్‌కు పెర్సెఫోనీ అని ఒక కూతురు. ఆ పిల్ల మైదానంలో పూలు కోస్తుంటే నేల చీలుతుంది, చనిపోయినవాళ్ల లోకానికి రాజైన హేడీస్ రథమెక్కి వచ్చి ఆమెను ఎత్తుకుపోతాడు. తల్లి పంటలు పండనివ్వదు, లోకమంతా ఆకలితో అల్లాడుతుంది. చివరికి కూతురు ఏడాదిలో కొన్నాళ్లు భర్త దగ్గర, మిగతా రోజులు తల్లి దగ్గర ఉండేటట్టు ఒప్పందమవుతుంది.

నా నవలలో గ్రీసు ఉండదు. ఓరుగల్లు కోట లాంటి ఒక ఊహా రాజ్యం ఉంటుంది, బయట మట్టికోట, లోపల రాతికోట, నాలుగు దిక్కులా తోరణాలు. ఆ రాతికోట కింద ఇంకో రాజ్యం, హీరో దానికి రాజు. హీరోయిన్ పై రాజ్యం రాణి బిడ్డ. కోటలో ఒక మహామంత్రి, సింహాసనం మీద కన్నేసిన ఇద్దరు నాయకులు.

ఇబ్బంది ఎక్కడంటే, హీరో హీరోయిన్ల సీన్లు నేను ఇష్టంగా రాసుకుంటాను, బాగానే వస్తున్నాయి, కానీ కోటలోకి రాగానే కథ ఎవరిదో అన్నట్టు అయిపోతోంది. చదివిచ్చిన స్నేహితులు మంత్రి వచ్చిన పేజీలన్నీ తిప్పేసి మళ్లీ పాతాళంలోకే పోతున్నారు. రెండోది, ఎత్తుకుపోయినవాణ్ని హీరో అని ఎట్లా ఒప్పించాలో తెలియట్లేదు. మూడోది, మేడారంలో కూడా తల్లీకూతుళ్ల కథే కదా, సమ్మక్క సారలమ్మల ఛాయ నవలలోకి తీసుకురావాలని నాకు బలంగా ఉంది. మూడింటికీ దయచేసి మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కాజీపేట_పాఠకుడు:

అమ్మా, మీరు కథను ఎత్తుకుపోవడం దగ్గర మొదలుపెట్టారు, అందుకే రాజకీయం బయట ఉండిపోయింది. ఈ కథకు మనకు దొరికే పాత రూపం డిమీటర్ మీద ఉన్న హోమరిక్ స్తోత్రం, క్రీస్తుపూర్వం 7, 6 శతాబ్దాల నాటిదని పండితులు అంటారు. దాన్ని నిదానంగా చదవండి. హేడీస్ తనంతట తాను వచ్చి ఎత్తుకుపోలేదు. పిల్ల తండ్రి, దేవుళ్లకు రాజైన జ్యూస్ ముందే మాటిచ్చేశాడు. తల్లికి చెప్పలేదు, పిల్లను అడగలేదు. ఆ పిల్ల చెయ్యి చాపిన నర్సిసస్ పువ్వు కూడా ఊరికే పూసింది కాదు, జ్యూస్ కోరితే భూదేవి ఎరగా పూయించింది, ఒక్క వేరు మీద వంద పూలు. అంటే ఇది అన్నదమ్ములిద్దరూ లోపల్లోపల కుదుర్చుకున్న సంబంధం. మీకు కావాల్సిన కుట్ర మొత్తం అక్కడే ఉంది, మీరు మంత్రిని కొత్తగా తయారు చేసుకోవాల్సిన పనే లేదు.

ఇంకా చూడండి. పిల్ల అరుపు విన్నది హెకటీ అనే దేవత, గుహలో ఉండి. జరిగింది కళ్లారా చూసింది సూర్యుడు హీలియోస్. ఇద్దరూ వెంటనే పోయి తల్లికి చెప్పరు. డిమీటర్ తొమ్మిది రోజులు తిండి లేదు, స్నానం లేదు, రెండు చేతుల్లో కాగడాలు పట్టుకుని తిరుగుతుంది. పదో రోజు హెకటీ ఎదురొచ్చి కేక విన్నాను కానీ ఎవరో చూడలేదంటుంది. తర్వాత ఇద్దరూ కలిసి పోయి నిలదీస్తే అప్పుడు హీలియోస్ నోరు విప్పుతాడు, విప్పి ఏమంటాడో తెలుసా, హేడీస్ అల్లుడిగా తక్కువవాడేం కాదు, నీ సొంత తమ్ముడే, లోకంలో మూడో వంతుకు రాజు, ఇక ఏడుపు ఆపు అంటాడు. మన ఇండ్లల్లో పిల్ల ఇష్టం అడగకుండా సంబంధం ఖాయం చేసి వచ్చిన పెద్దమనుషులు అనే మాట అక్షరం పొల్లుపోకుండా ఇదే. ఈ సీను చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాబట్టి మీ మొదటి అధ్యాయం హీరోయిన్ లేని సభ కావాలి. ఆమె పెండ్లి మాట్లాడుకుంటున్నారు, ఆమె అక్కడ లేదు. ఎవరెవరికి తెలుసు, తెలిసి ఎవరు నోరు మూసుకున్నారు, అదే మీ నవల చివరిదాకా నడవాలి. అప్పుడు పాతాళంలో హీరో ఆమెతో మాట్లాడే ప్రతి మాట వెనుకా ఆ సభ ఉంటుంది, పాఠకుడు పేజీ తిప్పలేడు.

రొమాన్స్_పిచ్చి_పాప:

అక్కా, నేను ఈ రకం నవలలు రాత్రంతా కూర్చుని చదివే మనిషిని, పాఠకురాలిగా చెప్తున్నా. ఎత్తుకుపోవడం ఉంచితే ఉంచండి కానీ దాన్ని ప్రేమ అని మాత్రం రాయకండి ప్లీజ్. బలవంతాన్ని తర్వాత ఒక ముద్దుతో కడిగేసే కథలు చదివి చదివి విసుగొచ్చింది.

మీకు దారి చూపేది దానిమ్మ గింజ, పాతాళంలో అది తిన్నందుకే పెర్సెఫోనీ ఏటా అక్కడికి తిరిగి పోవాల్సి వచ్చింది. స్తోత్రంలో హేడీస్ దాన్ని గుట్టుగా తినిపిస్తాడు, పెర్సెఫోనీ తల్లి దగ్గర కూర్చుని నాతో బలవంతంగా తినిపించాడని చెప్పుకుంటుంది. రోమన్ కవి ఓవిడ్ రాసిన మెటామార్ఫసిస్‌లో మాత్రం ఆ పిల్లే పాతాళంలో తోటలో తిరుగుతూ పండు తెంపి ఏడు గింజలు నోట్లో వేసుకుంటుంది, దాన్ని చూసిన అస్కలాఫస్ అనేవాడు పోయి చాడీ చెప్తాడు, ఆమె వాణ్ని గుడ్లగూబను చేసేస్తుంది. ఒకే పండు, ఒక కథలో ఉచ్చు, ఇంకో కథలో ఆమె చేతి పని. మీ నవల ఈ రెంటి మధ్య నడిస్తే ఎంత బాగుంటుందో చూడండి. ఆమె తెలిసే తిన్నది, కానీ పైకొచ్చాక సభలో తల్లి ముందు బలవంతంగా తినిపించాడని చెప్పాలి, ఎందుకంటే ఇష్టపడి తిన్నానంటే తల్లి చేసిన పోరాటం మొత్తం అబద్ధమైపోతుంది. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి ఆమె పడే టెన్షన్ నాకు కావాలి. అది విన్న హీరో ముఖం కూడా కావాలి.

ఇంకోటి, హీరో ఆమెను తిరిగి పంపించే అవకాశం ఒకసారైనా నిజంగా ఇవ్వాలి, తలుపు తెరిచి పెట్టాలి. అది లేకపోతే వాడు నాకు హీరో కాదు.

చెరువు_కట్ట:

పైవాళ్లు చెప్పింది బాగుంది, నేను కోట సంగతి చెప్తాను, మన చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాణ్ని.

కాకతీయుల కాలంలో పెండ్లి అంటేనే రాజకీయం. గణపతిదేవుడు తీరాంధ్ర వైపు దివిసీమ గెలిచాక జాయప సేనాని అక్కాచెల్లెళ్లు నారాంబ, పేరాంబలను పెండ్లి చేసుకున్నాడు, జాయపను తన గజసాహిణిని, అంటే ఏనుగుల దళానికి అధిపతిని చేసుకున్నాడు. ఒక కూతురు గణపాంబను ధరణికోట ఏలే కోట వంశంలో బేతరాజుకు ఇచ్చాడు, రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చాడు. అంటే ఒక్కో పెండ్లికి ఒక్కో సరిహద్దు గట్టిపడింది. అదే గణపతిదేవుడు చిన్నప్పుడు దేవగిరి యాదవుల చెరలో ఉన్నాడు, ఆ కాలంలో ఇక్కడ రాజ్యం చెదరకుండా నిలబెట్టింది సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించింది ఆయనే. శత్రువు ఇంట్లో బందీగా ఉండి తిరిగొచ్చి ఏలిన మనిషి మన చరిత్రలోనే ఉన్నాడు కాబట్టి, మీ హీరోయిన్ పాతాళం నుంచి వచ్చాక కోట ఆమెను ఏ కళ్లతో చూస్తుందో ఊహించడం కష్టం కాదు. ఇన్నాళ్లు అక్కడ ఉండి వచ్చింది, ఇప్పుడు ఎవరి మనిషి అని నాయకులు గుసగుసలాడరా?

గ్రీకు వైపే కావాలంటే పురాణంతో ఆగకండి, మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ కోట చదవండి. ఏడుగురు భార్యలు. చివరి పెండ్లి విందులో పెండ్లికూతురి దగ్గరి బంధువు అట్టాలస్ లేచి, ఇప్పుడైనా రాజ్యానికి అసలైన వారసుడు పుట్టాలని దేవుళ్లను కోరుకోండి అన్నాడట, పక్కనే ఉన్న ఫిలిప్ కొడుకు అలెగ్జాండర్ గిన్నె తీసి అతని మీదికి విసిరాడని ప్లూటార్క్ రాశాడు. క్రీస్తుపూర్వం 336లో ఈగై నగరంలో సొంత కూతురి పెండ్లి వేడుకలోనే ఫిలిప్‌ను అంగరక్షకుడు పౌసానియాస్ పొడిచి చంపాడు. విందు, వారసుడు, కత్తి పట్టుకుని పక్కనే నిలబడ్డ నమ్మకస్తుడు, ఇవన్నీ పెండ్లిళ్ల చుట్టే.

ఇక తల్లి బలం గురించి. డిమీటర్ గెలిచింది కన్నీళ్లతో కాదు. పంట లేకపోతే మనుషులు చస్తారు, మనుషులు చస్తే దేవుళ్లకు బలులు, నైవేద్యాలు ఉండవు. అందుకే జ్యూస్ దిగొచ్చాడు, ముందు దూతగా ఐరిస్‌ను పంపాడు, తర్వాత దేవుళ్లందరినీ కానుకలిచ్చి వరుసగా పంపాడు, ఆమె కదలలేదు, చివరికి దేవదూత హెర్మీస్‌ను పాతాళానికి పంపక తప్పలేదు. మీ రాజ్యంలో ఆ పని చెరువు చెయ్యాలి. పాకాల, రామప్ప, లక్నవరం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఇక్కడ చెరువే రాజ్యం. రాణి పుట్టింటివాళ్ల చేతిలో పెద్ద చెరువు పెట్టండి. బిడ్డ పోయిన రోజు రాణి తూము మూయిస్తుంది. ఆయకట్టు ఎండుతుంది, పన్ను రాదు, నాయకులకు జీతాల బదులు ఇచ్చిన ఊర్లు బీడు పడతాయి, అప్పుడు మంత్రి వణుకుతాడు. మంత్రి వచ్చిన పేజీ ఎవరూ తిప్పరు.

ములుగు_దారి:

మూడో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు, నేనిస్తాను. వద్దమ్మా.

మాది మేడారం దగ్గరి ఊరు. మాఘ మాసంలో, రెండేండ్లకోసారి, కన్నెపల్లి నుంచి సారలమ్మ, మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు వస్తారు. తెచ్చేది కోయ పూజారులు. ఇది నడుస్తున్న మొక్కు, మా అమ్మ ఎత్తు బంగారం (బెల్లం) తూగించుకున్న తల్లి, చదివి పక్కన పెట్టే పాత కథ కాదు. ఇంకా పెద్ద సంగతి, మా పెద్దలు చెప్పే కథలో కరువు వచ్చి కప్పం కట్టలేకపోతే దండెత్తి వచ్చింది కాకతీయ సైన్యమే. భర్త పగిడిద్దరాజు, బిడ్డ సారలమ్మ, కొడుకు జంపన్న ఆ పోరాటంలోనే పోయారు. సమ్మక్క గుట్ట వైపు పోయి కనబడకుండా పోయింది, వెతికినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది. మీ నవల కోట లోపల నిలబడి చూస్తుంది. ఆ కోట వాళ్ల ప్రేమకథకు అందం తేవడానికి, అదే కోట వల్ల బిడ్డలను పోగొట్టుకున్న తల్లిని అడగడం నాకు తప్పనిపిస్తుంది.

డిమీటర్ కరువు తెచ్చింది. సమ్మక్క కరువులో ఉన్న జనం తరఫున నిలబడింది. పైకి తల్లీకూతుళ్లని ఒకటిలా కనిపిస్తాయి గానీ రెండు కథలూ ఎదురెదురు దిక్కులకు పోతాయి.

తల్లీకూతుళ్ల బంధమే కావాలంటే బతుకమ్మ తీసుకోండి. పెండ్లయిన ఆడబిడ్డ తల్లిగారింటికి వచ్చే పండుగ, తొమ్మిది రోజులు, తంగేడు, గునుగు పేర్చి ఆడి, చివరి రోజు చెరువులో వదిలి పంపిస్తాం. పెర్సెఫోనీ ఏటా పైకొచ్చేది అట్లనే కదా. అది అందరి పండుగ, ఎవరి మనసూ నొప్పించదు.

హన్మకొండ_రాతలు:

అందరికీ ధన్యవాదాలు. ములుగు అన్నా, మీరు చెప్పింది అర్థమైంది, మేడారం నవలలోకి రాదు. బతుకమ్మ మాట చదవగానే చివరి అధ్యాయం నాకు కనబడింది. ఆమె తల్లిగారింటికి వచ్చే తొమ్మిది రోజుల్లోనే కోటలో కుట్ర ముదరాలి, చెరువు కట్ట మీద ఆడేవాళ్ల మధ్యలోనే మంత్రి మనుషులు ఉండాలి.

మొదటి అధ్యాయం సభతో మళ్లీ రాస్తున్నాను. హీలియోస్ స్థానంలో తోరణం మీద కాపలా ఉండే ముసలి లెంకను, అంటే రాజుకు ప్రాణమిస్తానని మాటిచ్చిన బంటును పెడుతున్నాను, అన్నీ చూసినవాడు, అడిగితేనే చెప్పేవాడు. దానిమ్మ సీను పాప చెప్పినట్టే, తెలిసే తింటుంది. తలుపు తెరిచిపెట్టే సీను దానికి ముందు వస్తుంది, ఆమె గడప దాకా పోయి అక్కడ నిలబడి ఆలోచిస్తుంది, అప్పుడే వెనక్కి తిరగదు.

ఒక్క సందేహం. తూము మూసేసిన తర్వాత మంత్రి ఒక నీరటికి (చెరువు నీళ్లు వదిలే మనిషికి) లంచమిచ్చి రాత్రిపూట దొంగతనంగా తెరిపిస్తాడు అని రాసుకున్నాను. అది ఒక్క మనిషి వల్ల అవుతుందా, ఎవరికీ తెలియకుండా?

చెరువు_కట్ట:

తెరవడం ఒక్కడి వల్ల అవుతుంది. పాత తూముకు చెరువు లోపల, కట్టకు కొంత దూరంలో, నీళ్లలో రాతి స్తంభాలు నిలబెట్టి పైన అడ్డబండలు వేసి ఉంటాయి. అడుగున రాతికి బొక్క, ఆ బొక్కలో కొయ్య బిరడా, దానికి పొడుగాటి కర్ర. నీరటి ఆ బండ మీద నిలబడి కర్రను పైకి లాగితే నీళ్లు కట్ట కింద నుంచి కాలువలోకి పోతాయి. చెరువు నిండుగా ఉంటే అక్కడిదాకా ఈదాలి, నీటి ఒత్తిడికి కర్ర కదలడం కూడా కష్టం, కాబట్టి వాణ్ని బలమైనవాడిగా రాయండి.

తెలియకుండా మాత్రం కాదు. కట్టకు ఈవల తూము నోట్లో నీళ్లు దూకే చప్పుడు రాత్రిపూట దూరానికి వినబడుతుంది, పొద్దున్నే కాలువ చివరి మడి తడిసి ఉంటుంది. ఎండిన పొలంలో తడి చూసిన మొదటి రైతు సంతోషంతో ఊరంతా చెప్తాడు, రాణి చెవిన పడేది ఆ రైతు నోటి నుంచే.