అప్‌డేట్: మనుషులు గతంలోకి వెళ్లి చరిత్రను మార్చే (ప్రత్యామ్నాయ చరిత్ర) నవలల్లో ఏది ముందు చదవాలి?

ఎరిక్ ఫ్లింట్ '1632'తో మొదలుపెట్టాలా, వేరేదా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చిన సలహా: ముందు స్ప్రేగ్ డి క్యాంప్ రాసిన 'లెస్ట్ డార్క్‌నెస్ ఫాల్' చదవమన్నది. చిన్న నవల, ఒకే మనిషి. అమెరికన్ పురావస్తు పరిశోధకుడు క్రీ.శ. 535 నాటి రోమ్‌లో పడతాడు. ముందు అప్పు పుట్టించి బ్రాందీ కాస్తాడు, తర్వాత అచ్చుయంత్రం పెడతాడు. తుపాకి మందు మాత్రం ఎంత ప్రయత్నించినా కుదరదు. నాకు బాగా నచ్చింది అదే, తెలిసినంత మాత్రాన చేయలేమని చూపించడం.

ఆ తర్వాత '1632' సులువుగా సాగింది. వెస్ట్ వర్జీనియా ఊరొకటి మొత్తంగా 1631 నాటి జర్మనీకి వెళ్లిపోతుంది. బొగ్గు గని, కరెంటు ఉన్నా విడిభాగాలు అయిపోతే ఏం చేయాలన్న చర్చలే ఇందులో అసలు బలం. యుద్ధ ఘట్టాలు మాత్రం అమెరికన్లకు మరీ తేలిగ్గా కలిసొచ్చాయనిపించింది.

'1632' కథకు నేపథ్యమైన ముప్పై ఏళ్ల యుద్ధం (యూరప్‌లో 1618–48 మధ్య జరిగింది) గురించి ముందే చదవాలన్న టెన్షన్ అక్కర్లేదు, కావలసింది కథలోనే ఉంది. '1632'తో మొదలయ్యే సిరీస్‌ను ఏ వరుసలో చదవాలన్న గొడవ కూడా ఇప్పుడే వద్దు, ఈ మొదటి పుస్తకం విడిగానే నిలబడుతుంది.