తాళం వేసితిని, గొళ్ళెం… మరచితినా, మరిచితినా?

ఫార్మసీ మాస్టారు: మా నాయనమ్మ మాట ఒకటి రెండు రోజులుగా వదలడం లేదు. «తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని». మరచితినా, మరిచితినా? రేపు క్లోమంలోని బీటా కణాల (ఇన్సులిన్ తయారుచేసేవి) పాఠంలో వాడాలి. కణానికి శక్తినిచ్చే చిన్న అణువు ఏటీపీ పెరిగితే, కణం పొరలో పొటాషియం దారిగా ఉండే కిర్6.2 ప్రొటీన్‌కి అతుక్కుని ఆ దారి మూస్తుంది, ఆపైన కాల్షియం లోపలికొచ్చి ఇన్సులిన్ విడుదలవుతుంది. కొందరు పసిబిడ్డల్లో జన్యులోపం వల్ల ఏటీపీ ఉన్నా దారి సరిగా మూసుకోదు, షుగర్ వస్తుంది. సామెత అక్కడ అతికినట్టుంటుంది.

నిఘంటువు ప్రియులు: మఱచితిని. ధాతువు మఱచు, బండి ఱ. ఇందులో చర్చే లేదు.

గుంటూరు అక్క: ఉందండీ. ఇది నోట పుట్టిన మాట. ‘వేసితిని’లో ‘సి’ విన్న చెవికి ‘రిచి’ అనే వస్తుంది. మా అమ్మ ‘మరిచితిని’ అనేది.

కడప తమ్ముడు: నాకు తాళం దగ్గరే పేచీ. మా ఇంట్లో ‘తాళాలు’ అంటే చెవులు. పాఠ్యపుస్తకాల్లో తాళం-చెవి పోలికలో చిన్న అణువు ఎప్పుడూ చెవే. ఇక్కడ ఏటీపీ మూసేది కాబట్టి అది తాళం, అది కూర్చునే చోటు గొళ్ళెం. పోలిక బాగుంది మాస్టారూ.

నిఘంటువు ప్రియులు: గొళ్ళెం అనగానే శ్రీశ్రీ ‘ఋక్కులు’ గుర్తొస్తుంది. తలుపు గొళ్ళేన్ని కవితలోకి తెచ్చిన మనిషి! హారతి పళ్ళెం, గుర్రపు కళ్ళెం పక్కన ‘గడియ’ పెట్టి చదవండి, పాదం కూలిపోతుంది.

గుంటూరు అక్క: ప్రాస కోసం గడియను తీసిపారేయకండి. గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్ర ఏటీపీ చోటు జోలికి పోదు, పక్కనున్న సర్1 ప్రొటీన్‌ని పట్టుకుని దారి మూస్తుంది. గొళ్ళెం పడని తలుపుకి గడియ వేసినట్టే కదా! 2006లో వచ్చిన అధ్యయనంలో అలాంటి జన్యులోపం ఉన్న 49 మందిలో 44 మంది ఇన్సులిన్ సూదులు మాని ఈ రకం మాత్రలకు మారారు. ఆ లెక్క చదివిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి.

కడప తమ్ముడు: ఒక్కటి అక్కా. కొన్ని జన్యు మార్పుల్లో ఏటీపీ కూర్చునే చోటు బాగానే ఉంటుంది, తలుపే బార్లా తెరుచుకుని మూతపడనంటుంది. అప్పుడు గొళ్ళెం మరిచినట్టు కాదు.

నిఘంటువు ప్రియులు: మఱిచినట్టు. రాసేటప్పుడైనా బండి ఱ ఉంచు నాయనా.

ఫార్మసీ మాస్టారు: గడియ మాట రేపు తప్పకుండా చెబుతానక్కా. బోర్డు మీద ‘ర’ రాయాలా ‘రి’ రాయాలా?