అప్‌డేట్: కోళ్లు, ఆకుకూర మళ్లు

సైనిక్‌పురిలో మా పెరట్లో వదిలిన ఆరు నాటుకోళ్లు తోటకూర, గోంగూర మళ్లను గీరి పారేస్తున్నాయని రెండు నెలల కిందట అడిగాను. జవాబిచ్చిన వారందరికీ ధన్యవాదాలు, కారం చల్లమన్న వారికి తప్ప. పక్షులకు మిరప ఘాటు తగలదట. ఆ రోజంతా తుమ్మింది నేనే!

పనిచేసింది ఇనుప జాలీ. రాణీగంజ్‌లో కొని తెచ్చి, విత్తనాలు చల్లిన మడి మీద నేలకు ఆనించి పరిచి, అంచులకు ఇటుకలు పెట్టాను. మొలకలు కన్నాల్లోంచి పైకి వచ్చాయి, కోళ్ల గోళ్లకు మాత్రం మట్టి అందలేదు. వంగ, టమాటా మొదళ్ల చుట్టూ పిడికిలంత రాళ్లు పేర్చాను. హైదరాబాదులో రాళ్లకు కరువా?

అసలు సంగతి ఆలస్యంగా అర్థమైంది. సగం గుంతలు పురుగుల కోసం తవ్వినవి కావు, మట్టి స్నానానికి తవ్వినవి. మామిడి చెట్టు కింద రేకు కప్పి, పొడి మట్టి, ఇసుక, కాస్త కట్టెల బూడిద కలిపి పోశాను. ఇప్పుడు మధ్యాహ్నమంతా అక్కడే పొర్లుతున్నాయి. తోటలోకి సాయంత్రం ఐదయ్యాకే వదులుతున్నాను. చీకటి పడేసరికి వాటంతట అవే గూటికి చేరతాయి.

ఒక్క నల్ల పెట్ట మాత్రం మూడడుగుల కంచె ఎగిరి దాటి పుదీనాలో పడుకుంటోంది. ఒక వైపు రెక్క ఈకలు కత్తిరించమని అమ్మ అంటోంది. నాకింకా చేయి రావడం లేదు.