అప్‌డేట్: లండన్ – న్యూయార్క్ ప్రయాణ సమయం లెక్క తేలింది

రెండు నగరాల మధ్య దూరం దాదాపు 5,550 కి.మీ., విమానం వేగం గంటకు 900 కి.మీ. అనుకుంటే ఆరు గంటల పైచిలుకే కదా, మరి టికెట్‌లో వెళ్లేటప్పుడు 8 గంటలు, వచ్చేటప్పుడు 7 గంటలు ఎందుకుంది అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. వెళ్లి వచ్చేశాను. గాలి వల్లే ఈ తేడా అని జవాబిచ్చినవాళ్లదే కరెక్ట్.

సీటు ముందు స్క్రీన్ మీద వేగం చూస్తూ కూర్చున్నా (సినిమా ఒక్కటీ చూడలేదు). వెళ్లేటప్పుడు 800 దాటడమే కష్టమైంది. తిరుగు ప్రయాణంలో ఒక దశలో 1,050! పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో వేగంగా వీచే గాలి) వెళ్లేటప్పుడు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుందన్నమాట. 2020 ఫిబ్రవరిలో ఇదే దారిలో ఒక విమానం 5 గంటల లోపే లండన్ చేరిందట, ఇప్పుడు నమ్మబుద్ధవుతోంది.

ఇంకొకటి, టికెట్‌లోని సమయం గేటు నుంచి గేటు వరకు. రన్‌వే దగ్గర క్యూలోనే మాకు అరగంట పోయింది.

గడియారం లెక్క మాత్రం తమాషా. ఉదయం 10కి బయల్దేరి మధ్యాహ్నం 1కి దిగాను. న్యూయార్క్ గడియారం లండన్ కంటే అయిదు గంటలు వెనక ఉంటుందని మర్చిపోయి, మూడు గంటల్లో వచ్చేశానని ఇంట్లో చెప్పాను. ఇంకా నవ్వుతున్నారు.